కోతల పండుగ పుస్తకంలో వరి పనలు

మా గైడ్ మేడం నా ఆధారాల జాబితాను రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వీటిలో ఒక్కటైనా మీరు చేత్తో ముట్టుకున్నారాండీ?" అన్నారు.

ముట్టుకోలేదు. అన్నీ ఫోన్‌లో దొరికినవే. నేను చదువుతున్నది ఎం.ఏ. గ్రామీణాభివృద్ధి, దూరవిద్యలో, తెలుగు మాధ్యమంలో. నా ప్రాజెక్టు అంశం ప్రపంచ సుస్థిరత. భూమి, నీరు, పంట తర్వాతివాళ్ళకి కూడా మిగిలేలా బతకడం గురించి దేశదేశాల్లో ఏమనుకుంటున్నారో మొదటి సగంలో రాయాలి. అది మనం ఉండే ఊళ్ళో ఎంతవరకు కనిపిస్తోందో రెండో సగంలో రాయాలి. మొదటి సగం రాసుకెళ్ళాను. రెండో సగానికి నా దగ్గర ఏమీ లేదు.

జాబితాలో పది ఉన్నాయి. ఏడు నేను వెతికి పట్టుకున్నవి. మిగతా మూడు, ఏదైనా అడిగితే జవాబు రాసిచ్చే యాప్ ఇచ్చినవి. రచయిత పేరు, పత్రిక పేరు, సంచిక, పేజీ నంబర్లు అన్నీ ఉన్నాయి కాబట్టి నేను మళ్ళీ వెతకలేదు. మేడం వాటిని తన కంప్యూటర్‌లో కొట్టి చూసి స్క్రీను నా వైపు తిప్పారు.

"ఈ మూడూ లోకంలో లేవండి."

"యాప్ ఇచ్చింది మేడం."

"మీ పాపని ఆ యాప్ చేతిలో పెట్టి వస్తారా?"

"రానండి."

"నా సంతకం మాత్రం పెట్టెయ్యమంటున్నారు."

ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. ప్రపంచం గురించి అందరూ రాస్తున్నారు, మీ ఊరి గురించి ఒక్క కాగితం తెండి, పాత కాగితం, అన్నారు. గడువు గుర్తుచేశారు. మొదటి సంవత్సరం పరీక్షలు నేను కడుపుతో ఉండి రాశాను. పాప పుట్టాక చదువు ఆగింది. ఒకసారి గడువు పొడిగించారు. ఈసారి ప్రాజెక్టు ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే పోతుంది, పాసైన పరీక్షలు కూడా లెక్కలోకి రావు. ఈ సంగతి నాకు ఆవిడ చెప్పక్కర్లేదు. రోజూ వంట చేస్తూ అదే తలుచుకునేదాన్ని.

రాజమండ్రి నుంచి తిరిగొచ్చే రైల్లో ఫోన్‌లో ఖాళీ లేదని మెసేజి వచ్చింది. దించుకున్న పీడీఎఫ్‌లు తీసెయ్యాలా, పాప వీడియోలు తీసెయ్యాలా అని చాలాసేపు చూసి, పీడీఎఫ్‌లు తీసేశాను.

నేను పుట్టింది జంగారెడ్డిగూడెం పక్కన, మెట్టలో. పొగాకు, జీడిమామిడి, పామాయిలు తోటల మధ్య పెరిగాను. పెళ్ళయ్యాక భీమవరం అవతల ఉన్న ఈ ఊరొచ్చాను. ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే. ఇంటి ముందు కాలువ, వెనక బోదె, అంటే చిన్న పంటకాలువ, ఆ వెనక రొయ్యల చెరువులు. పాపకి నడక వచ్చిన రోజు అందరూ సంబరపడుతుంటే నేను గేటుకి గొళ్ళెం ఎక్కడ పెట్టించాలో చూస్తూ నిలబడ్డాను. మువ్వల పట్టీలు కొన్నది కూడా అందుకే. చప్పుడు వినిపిస్తున్నంతసేపు పాప నేల మీదే ఉన్నట్టు.

ఊరి కాగితం కోసం గ్రామ సచివాలయానికి వెళ్ళాను. పాత రికార్డులు తమ దగ్గర ఉండవని, మండలంలో అర్జీ పెట్టుకోమని చెప్పారు. పక్క ఊళ్ళో గ్రంథాలయం ఉంది. అక్కడ దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నాయి. అవి చదివే కుర్రాళ్ళు బల్ల ఖాళీ చేసి కూర్చోమన్నారు గాని, నాకు కావలసింది అక్కడ లేదు.

ఆ ఆదివారం చర్చిలో, మా వాళ్ళు గుడి అనే అంటారు, ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద కోతల పండుగ తేదీ చెప్పారు. ఆయన రిటైరైన టీచరు. ఊళ్ళో అందరూ మాస్టారనే పిలుస్తారు. కోతల పండుగ రోజు ఎవరి పంటలోంచి వాళ్ళు గుడికి కొంత తెస్తారు. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు. ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు.

"పోయినేడు ఎవరేం తెచ్చారో నా పుస్తకంలో ఉందమ్మా. ఈ ఏడు తగ్గిస్తే చదివి వినిపిస్తాను" అన్నారు మాస్టారు.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒకావిడ లేచింది. "మా కోడిపుంజుని మీరే పాడుకుని మీరే వండుకున్నారు మాస్టారూ. అది కూడా రాసేరా?"

"రాశానమ్మా. ముదురు కోడని కూడా రాశాను."

అందరూ నవ్వారు. నేను ఆ పుస్తకం గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. బయటికొచ్చాక మాస్టారిని అడిగాను, పాత పుస్తకాలు కూడా ఉన్నాయా అని.

"ఆయ్, ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. నాకు ముందు పెద్దలు రాసినవి కూడా. కానీ గడప దాటనివ్వనమ్మా. కావాలంటే ఇక్కడే కూర్చుని చూసుకో."

మధ్యాహ్నాలు పాపని తీసుకుని గుడికి వెళ్ళడం మొదలుపెట్టాను. గుడి కాలువ గట్టు మీదే ఉంటుంది. రెండు తలుపులు వేసి, మూడోది నేను కూర్చున్న చోటు నుంచి కనిపించేలా పెట్టుకునేదాన్ని. పాప బెంచీల మధ్య తిరిగేది. నేను రెండు లైన్లు చదివి, పట్టీల చప్పుడు విని, మళ్ళీ రెండు లైన్లు చదివేదాన్ని. చప్పుడు ఆగితే లేచి వెళ్ళేదాన్ని. చాలాసార్లు పాప చాప మీద పడుకుని ఉండేది.

పుస్తకాలు పొడుగు నోటుబుక్కులు. మొదటి దాని అట్టని చెదలు తినేశాయి. ఒక్కో ఏడుకి నాలుగైదు పేజీలు. ఎడమవైపు ఇంటావిడ పేరు, పక్కన తెచ్చింది, చివర వేలంలో పలికిన ధర. ధరలు నాకు అక్కర్లేదు, అవి వదిలేశాను. "వరి పన ఒకటి, గుమ్మడికాయ ఒకటి." "వరి పన ఒకటి, తాటిబెల్లం." "వరి పన ఒకటి, బాతుగుడ్లు." కోసిన వరిని కట్టగా కడితే దాన్ని ఇక్కడ పన అంటారు. ఆ మాట నాకు ఈ ఊరొచ్చాకే తెలిసింది. పేజీలకి పేజీలు వరి పనలే.

ఫోన్‌లో ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి పట్టిక వేశాను. మూడు వరుసలు పెట్టాను. పొలం నుంచి వచ్చినవి, చెరువు నుంచి వచ్చినవి, కొట్టు నుంచి వచ్చినవి. పట్టిక పూర్తయ్యేసరికి ఒకటి కనిపించింది. ఒక ఏడు దాకా పదహారు, పదిహేడు వరి పనలు వస్తున్నాయి. ఆ మరుసటి ఏడు రెండే వచ్చాయి. ఆ తర్వాత అసలు లేవు. వాటి బదులు కవర్లో బియ్యం అని ఉంది. అవి కొట్టు వరుసలో వేశాను. ఇంకొన్నేళ్ళకి రొయ్యలు కనిపించాయి, ఐసు పెట్టెతో సహా.

ఇప్పుడు మా ఊళ్ళో పొలం కంటే చెరువులే ఎక్కువ. అందుకని నాకు ఏ అనుమానమూ రాలేదు. గుడి కానుకల్లోంచి వరి పన మాయమైన ఏడే ఈ ఊరి వరిచేలు చెరువులైన ఏడు అని రాశాను. దాని మీద అధ్యాయం అంతా కట్టాను. మెట్టలో పుట్టినదాన్ని, వరి కోతని రైలు కిటికీలోంచి చూడటమే గాని దగ్గరగా చూడలేదు. ఎవరినైనా అడగొచ్చని తోచలేదు. పుస్తకం ఉంది కదా అనుకున్నాను.

మేడం ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి "బాగుంది" అని రాశారు.

"ఇదండీ ఆధారమంటే. వాసన వస్తుంది చూడండి" అని నేను తీసుకెళ్ళిన ఫొటో ప్రింట్లని నిజంగానే వాసన చూశారు. తను పరిశీలించినట్టు ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. బైండింగ్ చేయించి ఇవ్వడమే మిగిలింది. గడువుకి ఇంకా ఆరు రోజులున్నాయి. ఆ రాత్రి చాలా నెలల తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాను.

మర్నాడు మా అత్తయ్య వరండాలో కూర్చుని ఆ కాగితాలు చదవడం మొదలుపెట్టారు. ఆవిడ బడికి వెళ్ళలేదు. పెళ్ళయ్యాక బైబిలు చదవడానికని గుళ్ళో అక్షరాలు నేర్చుకున్నారు. అందుకని ఏది చదివినా పైకే, వేలు పెట్టి చదువుతారు. ప్రపంచం గురించిన పేజీలన్నీ తిప్పేశారు. మన ఊరి దగ్గర ఆగారు. వేలు ఒక చోట నిలిచిపోయింది.

"ఏంటమ్మాయ్, ఆ ఏడు చెరువులు తవ్వేరని రాసేవు?"

"పుస్తకంలో ఉందత్తయ్యా."

"చెరువులని ఉందా పుస్తకంలో?"

"అలా లేదు. వరి పనలు ఆగిపోయాయి గదా."

"ఆగిపోతే చెరువులేనా? పక్క ఊళ్ళల్లో తవ్వేరేమో గాని మన ఊళ్ళో చెరువులు ఎంత కాలానికొచ్చాయి! మీ ఆయన కాలేజీలో చేరాక. ఆ ఏడు వచ్చింది కోత మిషను."

నేను చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టాను.

"మిషను చేలో దిగితే అదే కోస్తది, అదే నూరుస్తది. గింజ సంచిలోకి, గడ్డి నేల మీదికి. ఇంక కట్ట కట్టేదేముంది?" అన్నారు. "మేం కోసినప్పుడు పద్నాలుగు మందిమి ఒక ముఠా. నేనే పెద్ద. ఆఖరు రోజు రైతు మనిషికో పన ఇచ్చేవోడు, మీ గుడికి పట్టుకెళ్ళండి అని. ఆయన మన గుడికి రాడు, అయినా ఇచ్చేవోడు. తడిసిన పన ఇస్తే నేను ఊరుకునేదాన్ని కాదు."

"మరి చేలు?"

"చేలు చేలలాగే ఉన్నాయి. ఊరి చుట్టూ వరే."

"తర్వాతి ఏడు నుంచి బియ్యం తెచ్చారని ఉందత్తయ్యా, కవర్లో."

"చేతులూపుకుంటూ వెళ్తామా గుడికి? కొట్లో కొని పట్టుకెళ్ళాం."

ఆవిడ తర్వాతి పేజీకి వెళ్ళిపోయారు. అంత మామూలుగా చెప్పారు కాబట్టి, నేను కూడా మామూలుగానే లేచి పాపకి స్నానం చేయించాను. నీళ్ళు పోస్తూనే లెక్క వేసుకున్నాను. బైండింగ్‌కి ఒక రోజు, రాజమండ్రి వెళ్ళి రావడానికి ఒక రోజు. మేడం సంతకం పెట్టేశారు. ఈ సంగతి చెప్తే ఆవిడ మళ్ళీ పెట్టకపోవచ్చు. నన్ను నమ్మడానికి ఆవిడకి కారణం కూడా పెద్దగా లేదు. ఒకసారి లేని వ్యాసాలు పట్టుకెళ్ళినదాన్ని.

మా ఆయన భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో చేస్తారు. సాయంత్రం వచ్చాక చెప్పాను.

"సంతకం అయిపోయింది గదా. అది ఎవరు చదువుతారు? మా అమ్మకి తప్ప ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"మీ అమ్మకి తెలిసింది గదండీ."

"అమ్మ ఎవరికి చెప్తుంది?"

చెప్పరు. అది నిజమే. మర్నాడు గుడికి వెళ్ళి మళ్ళీ పుస్తకాలు తీశాను. ఈసారి వస్తువులు చూడలేదు, ఎడమవైపు పేర్లు చూశాను. మా అత్తయ్య పేరు, వరి పన ఒకటి. మరుసటి ఏడు మా అత్తయ్య పేరు, బియ్యం ఒక కవరు. ముఠాలో మిగతా పదమూడుమంది పేర్లు ఆవిడ చేత చెప్పించుకుని రాసుకెళ్ళాను. పదమూడుమందీ అంతే. ఒక ఏడు పన, మరు ఏడు బియ్యం. ఆ రెండు పనలు తెచ్చినవాళ్ళు వేరే ముఠావాళ్ళు. పల్లపు చేలల్లో మిషను దిగబడిపోయి, ఆ ఒక్క ఏడు వాళ్ళ చేత కోయించారట. ఆ ఫొటోలన్నీ నా ఫోన్‌లో ముందు నుంచీ ఉన్నాయి. పేర్లున్న వైపు నేను చదవలేదు.

ఆ పుస్తకం చెరువుల గురించి ఏమీ చెప్పడం లేదు. చుట్టూ వరి పండుతుంటే, దాన్ని కోసినవాళ్ళు బియ్యం కొనుక్కోవడం ఎప్పుడు మొదలైందో చెబుతోంది. నేను రాసినదానికంటే ఇది పెద్ద సంగతని నాకు అప్పుడు అనిపించలేదు. అధ్యాయం పోయిందనే అనిపించింది.

ఇంటికొచ్చి, మీరు చెప్పింది రాసుకుంటానని అత్తయ్యని అడిగాను.

"నా ఒక్కదాని మాట ఎందుకు? రేపు ఎవరైనా కాదంటే?" అని ముఠాలో చేసిన ఇద్దరిని పిలిపించారు. ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. మొదట పది నిమిషాలు పాపకి ఎవరి పోలిక వచ్చిందో తేల్చుకున్నారు.

"మిషను వచ్చింది గాలివాన ఏడు" అన్నారు ఒకావిడ.

"గాలివాన ఏడు చేలన్నీ పడిపోతే మనమే గదటే కోసేం? నీ నడుం పట్టేసింది అప్పుడే. మరుసటేడు మిషను" అన్నారు అత్తయ్య.

"నా నడుం పట్టింది ఊడ్పుల్లో."

"నీ నడుం ఎప్పుడు పట్టలేదు గనక!"

మూడో ఆవిడ అప్పటిదాకా మాట్లాడలేదు. "మిషను చూడ్డానికి పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళాం" అన్నారు. "బలే కోస్తందే అని నవ్వుకున్నాం కూడాను. మరుసటి రోజు పిలుపు రాలేదు."

నేను రాసుకున్నాను.

రెండు రోజులు పాపని అత్తయ్యే చూసుకున్నారు. పట్టిక మళ్ళీ వేశాను. గడువు రేపనగా మొదటి రైలుకి రాజమండ్రి వెళ్ళాను. మేడం గది తలుపు దగ్గర నిలబడి, అధ్యాయం తప్పండి, అన్నాను.

"సంతకం పెట్టాక చెప్తున్నారా?"

"అప్పటికి తెలీదండి."

"చించెయ్యమంటారా ఇప్పుడు?"

"చించెయ్యండి మేడం."

ఆవిడ గోడ మీది టైంటేబుల్ చూసుకున్నారు. రేపటి నుంచి పరీక్షల డ్యూటీ మీద వేరే ఊరు వెళ్తున్నానని, చదవాలంటే ఇవాళే చదవాలని, తనకి ఇవాళ నాలుగు క్లాసులున్నాయని చెప్పారు. కూర్చోమనలేదు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ క్లాసుకీ క్లాసుకీ మధ్య వచ్చి చదివి వెళ్ళేవారు. ఇంటికి ఫోన్ చేద్దామనుకుంటూ, పాప నా గొంతు వింటే ఏడుస్తుందని మానేశాను. మధ్యాహ్నం దాటాక పిలిచారు.

"మీ అత్తగారు కోత చూశారా, కోశారా?"

"కోశారండి. ముఠాకి పెద్ద."

"ఆధారాల్లో ఆవిడని ఎక్కడో చివర పెట్టారేంటి మరి? ఆ ముగ్గురినీ పైన పెట్టండి. పుస్తకం తర్వాత. ప్రపంచం పన్నెండు పేజీలుంది, నాలుగు చెయ్యండి." పాత ధ్రువపత్రం చించి బుట్టలో వేశారు. కొత్తదాని మీద సంతకం పెట్టి, "మొదట రాసిందే చదవడానికి బాగుంది, చెప్పొద్దూ" అన్నారు.

కాలేజీ ఎదురుగా డీటీపీ షాపు ఉంది. అక్కడి అమ్మాయి పక్కన కూర్చుని పేజీలు తీయించాను. ఏది తీసెయ్యాలో ఆలోచించే టైము లేదు. వేరే దేశాల గురించి నాకు బాగా నచ్చిన రెండు పేరాలు కూడా పోయాయి. బైండింగ్ అయ్యేసరికి కాలేజీలో ప్రాజెక్టులు తీసుకునే కౌంటరు మూసే టైమైంది. గుమాస్తా కాపీ చేతిలోకి తీసుకుని వేళ్ళు చూసుకున్నాడు.

"జిగురు తడిగా ఉందేంటండీ?"

"ఇప్పుడే అయిందండి."

అతను వేళ్ళు కాగితానికి తుడుచుకుని, పేజీలు లెక్కపెట్టి, రసీదు మీద ముద్ర వేసి ఇచ్చాడు. దాన్ని బ్యాగులో పెట్టి, జిప్పు వేసి, మళ్ళీ తీసి చూసి పెట్టుకున్నాను. స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"తీసుకున్నారా?" అన్నారు అత్తయ్య.

"తీసుకున్నారండి."

"నా పేరు వేసేవా?"

"అన్నిటికంటే పైన మీదేనండి."

"ఆ ఇద్దరివీ?"

"వేశాను. ముఠా మొత్తం పద్నాలుగు పేర్లూ పట్టికలో ఉన్నాయి."

పాప ఏదో అడుగుతున్నట్టు వినిపించింది.

"చచ్చిపోయినోళ్ళవి కూడానా?"

"వాళ్ళవి కూడానండి."

"సరే అయితే" అని, ఫోన్ పాప చేతికిచ్చారు.